హన్మకొండలో కిరాయి ఇల్లు: ఏ వీధిలో ఎవరుంటారు, బేరం ఎక్కడ కుదురుతుంది?

మీ ప్రశ్న ఇదీ: ఇంట్లో ఒక్కటే జీతం, బడికి పోయే పాప, మోకాళ్ల నొప్పులున్న అమ్మ. కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్‌రోడ్ దగ్గర రెండు బెడ్రూంల పోర్షన్ మీకు ఎందుకు అందడం లేదు, ఇంకెటు చూడాలి?

ఆ వీధుల్లో కలిసుండే విద్యార్థులు కిరాయిని తలల లెక్కన కడతారు. ఓనర్ 12,000 చెప్పాడనుకోండి, ఆరుగురు పోరగాళ్లకు తలా 2,000. మీకు మాత్రం అదంతా ఒక్క జీతంలోంచి పోవాలి. జేబులో డబ్బులు లేనోళ్లే మీకంటే ఎక్కువ కట్టగలరన్నమాట. నయీంనగర్, కిషన్‌పుర, భీమారం అంతా ఇదే వరస. వీళ్లకు తోడు ఉద్యోగ పరీక్షలకు చదివే పాతికేళ్లు దాటినవాళ్లు. బాత్రూం బయటున్నా సర్దుకుంటారు. నోటిఫికేషన్ పడితే గది దొరకదు, పరీక్ష కాగానే టు-లెట్ బోర్డులు వేలాడతాయి.

నిట్ విద్యార్థులకు హాస్టళ్లు క్యాంపస్ లోపలే ఉన్నాయి కాబట్టి అటువైపు ఈ ఒత్తిడి తక్కువ. సుబేదారి, నక్కలగుట్ట, బాలసముద్రంలో ఉద్యోగులు, డాక్టర్లు ఎక్కువ. అపార్ట్‌మెంటైతే కిరాయి మీద మెయింటెనెన్స్ వేరే. మీ లెక్కకు ముందు కాజీపేట, సోమిడి చూడండి. పాతకాలం నుంచి రైల్వే కుటుంబాలుండే జాగాలు, ఫ్యామిలీ అంటే మొహం తిప్పుకోరు.

ఓనర్ వయసు కూడా చూడాలి. రిటైరైన దంపతులు కింద ఉండి పైపోర్షన్ ఇస్తుంటే, కుర్రాళ్లు రెండువేలు ఎక్కువిస్తామన్నా ఫ్యామిలీకే మొగ్గుతారు. బేరం అక్కడ ఆడండి. ఓనర్ వేరే ఊర్లో ఉండి బ్రోకర్ చూసుకునే ఇంట్లో ఫ్యామిలీ అన్న మాట చెల్లదు. ఏప్రిల్, మే నెలల్లో గదులు ఖాళీ అవుతాయి, అప్పుడు తిరిగితే మేలు.

చూడ్డానికి పొద్దున ఏడింటికే పోండి. మనిషికి రోజుకు 135 లీటర్లు అనేది పట్టణాల ప్రమాణం. పైన ఎనిమిది మంది ఉంటే 1,080 లీటర్లు, ట్యాంకేమో 1,000. మీ కుటుంబం వాటా ఇంకా కలపనే లేదు. ట్యాంకు వేరా, బోరు మోటర్ స్విచ్ ఎవరి చేతిలో ఉంది, నల్లా ఏ పూట వస్తుంది, అడగండి. మీటర్ వేరుగా లేకపోతే రేషన్ కార్డున్నా గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) జీరో బిల్లు మీద ఆశ పెట్టుకోవద్దు. అందరి వాడకం ఒక్క మీటర్ మీద పడితే 200 యూనిట్లు ఎన్నడో దాటుతాయి.

కాగితం రాసుకునేటప్పుడు ఖాళీ చేయడానికి రెండు నెలల గడువు పెట్టించండి. ఏమీ రాసుకోని నెలవారీ కిరాయికి చట్టం ఇచ్చే నోటీసు 15 రోజులే. పాప బడి నడుస్తుండగా అది చాలదు. పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో ఎంత కోస్తారో కూడా రాయించండి.

అమ్మ కోసం కింది పోర్షనే కావాలనిపిస్తుంది, ధర కూడా కలిసొస్తుంది. కానీ నయీంనగర్ నాలా పక్క 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నీళ్లు ఇళ్లలోకొచ్చాయి. కొత్త సున్నం గోడకు మోకాలెత్తు వరకే వేసి ఉందా, ప్లగ్ బోర్డులు నడుమెత్తుకు మార్చి ఉన్నాయా చూడండి. ఉంటే అక్కడ నీళ్లొచ్చినట్టే, ఆ ఇల్లు వదిలేసి, వేరే వీధిలో మెట్లు తక్కువెత్తున్న మొదటి అంతస్తు వెతకండి.