బయోస్‌లో శాటా మోడ్ మార్చే ముందు

చిరంజీవి అమ్ములూ,

నీ మెసేజ్ చూశాను. పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ విప్పి, ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీద నడిచే డిస్క్) నువ్వే బిగించుకున్నావంటే భలే అనిపించింది. బయోస్‌లో (విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగుల తెర) శాటా మోడ్ (కంప్యూటర్ డిస్కుతో మాట్లాడే పద్ధతి) దగ్గర పాత పద్ధతి ఐడీఈ అని ఉందనీ, దాన్ని కొత్త పద్ధతి ఏహెచ్‌సీఐకి మారిస్తే వేగం పెరుగుతుందా అనీ అడిగావు. పెరుగుతుంది. కానీ ఇవాళ రాత్రి మాత్రం దాని జోలికి పోకు. ఈ ఉత్తరం చివరిదాకా చదివి, రేపు తీరిగ్గా కూర్చుని మార్చు.

ఆ తొందర నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట తెలిసినాయన ఒకరు విండోస్ 7 ల్యాప్‌టాప్ ఇచ్చి, తెల్లారేసరికి కావాలన్నారు. ఎస్‌ఎస్‌డీ వేశాను, పాత డిస్కులో ఉన్నదంతా క్లోన్ చేశాను (ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి దించాను), బాగానే లేచింది. అంతటితో ఊరుకోవచ్చు కదా? బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ పెట్టి సేవ్ చేశాను. విండోస్ 7 లేచేటప్పుడు నాలుగు రంగుల చుక్కలు తిరుగుతూ వచ్చి కలుస్తాయి, గుర్తుందా? అవి కలిసేలోపే నీలం తెర ఒక్కసారి తళుక్కుమని, మళ్లీ మొదటికి వచ్చింది. ఎన్నిసార్లు ఆన్ చేసినా అంతే. డేటా పోయిందనుకుని చెమటలు పట్టాయి. రాత్రంతా కూర్చుని విండోస్ కొత్తగా ఎక్కించాను. బయోస్‌లో మళ్లీ ఐడీఈ పెట్టి ఉంటే రెండు నిమిషాల్లో ఎప్పటిలా లేచేదని తర్వాత తెలిసింది. కాబట్టి నీలం తెర వస్తే ముందు చేయాల్సింది అదే: మోడ్ వెనక్కి పెట్టు. డిస్కులో ఏమీ చెడిపోదు.

అసలు ఎందుకలా అవుతుందంటే, విండోస్ ఏ మోడ్‌లో ఇన్‌స్టాల్ అయిందో ఆ మోడ్ డ్రైవర్‌నే (డిస్కును నడిపే చిన్న ప్రోగ్రామ్) బూట్ సమయంలో పిలుస్తుంది. ఏహెచ్‌సీఐ డ్రైవర్ సిస్టమ్‌లో ఉంటుంది, కానీ నిద్రపోతూ ఉంటుంది. దాన్ని లేపకుండా మోడ్ మారిస్తే, విండోస్‌కి తన సొంత డిస్కే కనబడదు. విండోస్ 10 అయితే సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైనవి మాత్రమే నడిచే మోడ్) ఒక్కసారి లేపితే ఆ డ్రైవర్‌ని తనే వెతికి పట్టుకుంటుంది.

నీది విండోస్ 10 కాబట్టి పని తేలిక. స్టార్ట్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ దగ్గర టిక్ పెట్టు. కింద మినిమల్ ఉంటే చాలు. రీస్టార్ట్ చేస్తూనే బయోస్‌లోకి వెళ్లి, ఏహెచ్‌సీఐ ఎంచుకుని సేవ్ చెయ్యి. మధ్యలో ఒకసారి మామూలుగా బూట్ అవనిచ్చి తర్వాత మారుద్దాం అనుకోకు, ఆ రీస్టార్ట్‌లోనే మార్చాలి. తెర నాలుగు మూలలా సేఫ్ మోడ్ అని రాసి ఉన్న డెస్క్‌టాప్ వస్తుంది. చూడ్డానికి బోడిగా ఉంటుంది, కంగారు పడకు. మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లోకి వెళ్లి ఆ టిక్ తీసేసి రీస్టార్ట్ చెయ్యి. అయిపోయింది.

ఇందులో రెండు గోతులున్నాయి. ఒకటి, సేఫ్ మోడ్‌లో నాలుగంకెల పిన్ ఒక్కోసారి పనిచేయదు, అసలు పాస్‌వర్డ్ అడుగుతుంది. అది గుర్తులేదనుకో, లోపలికి వెళ్లలేవు. లోపలికి వెళ్లకపోతే టిక్ తీయలేవు. టిక్ తీయకపోతే ప్రతిసారీ సేఫ్ మోడే. నీ పాస్‌వర్డ్ సంగతి నాకు తెలుసు కాబట్టి ముందే ఒకసారి దాంతో లాగిన్ అయి చూసుకో. రెండోది బిట్‌లాకర్, అంటే డిస్కులో ఉన్నదానికి విండోస్ వేసే తాళం. అది ఆన్‌లో ఉంటే బయోస్‌లో మార్పు జరగ్గానే అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ ఎక్కడుందో కనుక్కుని కాగితం మీద రాసుకో, తర్వాత బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి (తాత్కాలికంగా ఆపి) పని మొదలుపెట్టు. బ్యాకప్ తీయమని వేరే చెప్పాలా?

మీ స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లో ఆ మోడ్ దగ్గర రెయిడ్ (డ్రైవ్‌లను కలిపి నడపగల మోడ్) అని ఉందన్నావు. అక్కడ గుడ్డిగా ఇదే చేయమనకు. ఒక్కటే డ్రైవ్ ఉన్నా చాలా ల్యాప్‌టాప్‌లు రెయిడ్ మోడ్‌తోనే వస్తాయి. అది ఇంటెల్ డ్రైవర్‌తో నడుస్తుంది కాబట్టి నెమ్మదేమీ కాదు. ఆప్టేన్ లాంటి కాష్ (వేగం కోసం డిస్కుకి జతచేసే చిన్న నిల్వ) గానీ, రెండు డ్రైవ్‌లు కలిపి ఒకటిగా కట్టిన రెయిడ్ గానీ ఉంటే, మోడ్ మార్చడమంటే కొరివితో తల గోక్కోవడమే. లైనక్స్ ఎక్కించబోతే డిస్క్ కనబడకపోవడమో, అలాంటి అవసరమో ఉంటే తప్ప దాన్ని అలాగే ఉంచమను.

ఇంతకీ ఐడీఈకి, ఏహెచ్‌సీఐకి తేడా ఏమిటి? ఐడీఈ మోడ్‌లో కంప్యూటర్ ఒక పని చెప్పి, అది అయ్యాకే ఇంకోటి చెబుతుంది. ఏహెచ్‌సీఐలో 32 పనుల దాకా ఒకేసారి ముందు పెట్టొచ్చు, డ్రైవ్ తనకు వీలైన వరసలో చేసుకుపోతుంది. ఎస్‌ఎస్‌డీ లోపల చాలా చిప్‌లు పక్కపక్కనే పనిచేస్తాయి కాబట్టి దానికి ఇది బాగా కలిసొస్తుంది. నాలుగైదు ప్రోగ్రాములు ఒకేసారి తెరిచినప్పుడు తేడా తెలుస్తుంది. ఒక్క పెద్ద సినిమా ఫైల్ కాపీ చేసి చూస్తే అంతగా తెలియదు.

మోడ్ మారాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే, డిస్కు వివరాలు చూపే ప్రోగ్రామ్ తెరిచి ట్రాన్స్‌ఫర్ మోడ్ అన్న గడి చూడు. రెండు అంకెలుంటాయి. కుడివైపుది డ్రైవ్ సత్తా, ఎడమవైపుది ఇప్పుడు నిజంగా నడుస్తున్న వేగం. రెండూ 600 అయితే సెకనుకు 550 ఎంబీ దరిదాపుల్లో చదవగలదు. ఎడమవైపు 300 ఉంటే నీ ల్యాప్‌టాప్ పోర్టే పాతతరంది, 280 దాటదు. దాన్ని ఏ సెట్టింగూ మార్చలేదు. కొన్ని మోడళ్లలో డీవీడీ డ్రైవ్ స్థానంలో ఉన్న పోర్టు ఇలా నెమ్మదిగా ఉంటుంది. ఎస్‌ఎస్‌డీని అక్కడ పెట్టి ఉంటే హార్డ్ డిస్క్ ఉండే చోటికి మార్చు. అది కుదరకపోయినా బాధపడకు. 5400 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్‌లో పళ్లెం సగం చుట్టు తిరగడానికే ఐదున్నర మిల్లీసెకన్లు పడుతుంది, ఎస్‌ఎస్‌డీకి ఆ తిరుగుడే లేదు. నీకు రోజూ తెలిసే హాయి అక్కణ్ణుంచే వస్తుంది.

క్లోన్ చేశావు కాబట్టి పార్టిషన్ అలైన్‌మెంట్ కూడా చూసుకో, అంటే డిస్కులోని భాగం ఎస్‌ఎస్‌డీ గడి హద్దు దగ్గరే మొదలవుతోందా అని. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో స్టోరేజ్, డిస్క్స్ కింద పార్టిషన్ స్టార్టింగ్ ఆఫ్‌సెట్ అని ఉంటుంది. దాన్ని 4096తో భాగిస్తే శేషం రాకూడదు. 1,048,576 అని ఉంటే సరిగ్గా 256 సార్లు పోతుంది, బాగున్నట్టే. ఎక్స్‌పీ కాలం నాటి డిస్క్‌ని ఉన్నదున్నట్టు దించితే 32,256 అని ఉంటుంది, అది 7.875 సార్లు. అంటే ప్రతి చిన్న రాతా రెండు గళ్ల మీద పడి డ్రైవ్‌కి పని పెరుగుతుంది. నాకైతే మోడ్ కంటే ఇదే ఎక్కువసార్లు దొరికింది.

ట్రిమ్ (చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఏర్పాటు) పనిచేస్తోందో లేదో చూస్తే డిజేబుల్‌డిలీట్‌నోటిఫై పక్కన 0 అని వస్తుంది. సున్నా చూసి ఆఫ్‌లో ఉందనుకోకు. పేరులోనే డిజేబుల్ ఉంది కాబట్టి సున్నా అంటే ఆన్. ఈ పేరు పెట్టినవాళ్లకి దండం పెట్టాలి.

ఏహెచ్‌సీఐ పెట్టాక ఎప్పుడైనా ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి కొన్ని క్షణాలు కొయ్యబారి, మళ్లీ కదిలితే లింక్ పవర్ మేనేజ్‌మెంట్‌ని అనుమానించు. కరెంటు పొదుపు కోసం కనెక్షన్‌ని నిద్రపుచ్చి లేపడంలో కొన్ని డ్రైవ్‌లు తడబడతాయి. ముందు డ్రైవ్ ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ చెయ్యి, తగ్గకపోతే ఆ పొదుపు ఆపెయ్యి. బ్యాటరీ కాస్త తొందరగా దిగుతుంది, అంతే. రైట్ కాష్ (రాయాల్సింది కాసేపు దాచుకుని తర్వాత రాసే ఏర్పాటు) ఆన్‌లోనే ఉండనీ. దాని కింద బఫర్ ఫ్లషింగ్ (అలా దాచింది డిస్కులోకి దించడం) ఆపేసే టిక్ ఒకటి ఉంటుంది, వేగం వస్తుందని ఎవరు చెప్పినా పెట్టకు. రాస్తుండగా పవర్ పోతే ఫైళ్లు పాడవుతాయి.

రేపు బయోస్‌లోకి వెళ్లగానే, ఏదీ మార్చకముందే ప్రతి పేజీని ఫోన్‌తో ఫోటో తీసుకో. శాటా మోడ్ ఉన్న పేజీ నాకూ పంపు. చార్జర్ పెట్టి ఉంచడం మరచిపోకు.

ఉంటాను,
మీ మామయ్య