‘అపోహ’కు ఇంగ్లిష్‌లో కుదిరే జంటమాటలు

ప్రశ్న: ‘ప్రజల్లో ఉన్న అపోహలు తొలగించాలి’ అనడానికి ‘వియ్ షుడ్ రిమూవ్ ద రాంగ్ బిలీఫ్స్ ఇన్ పీపుల్’ అని వ్యాసంలో రాశాను. లెక్చరర్ వాక్యం మొత్తం కొట్టేశారు. తప్పెక్కడ? – డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: అర్థం తెలుస్తోంది కానీ మాటల జత కుదరలేదు. రాంగ్ బిలీఫ్ అనడం అరుదు. మిస్టేకెన్ బిలీఫ్, ఫాల్స్ బిలీఫ్ అంటారు. జనంలో పాతుకుపోయిన అపోహకైతే కామన్ మిస్కన్సెప్షన్. ‘ప్రజల్లో’ అనే మాటలోని ‘లో’ మీ వాక్యంలో ఇన్ అయిపోయింది. అక్కడ అమాంగ్ రావాలి.

అసలు చిక్కు క్రియ దగ్గరుంది. మనకు తొలగించడం ఒక్కటే, వాళ్లకు నాలుగైదున్నాయి. డిస్పెల్ అంటే చెదరగొట్టి పోగొట్టడం. మిత్ (జనంలో చెలామణీ అయ్యే అపోహ), రూమర్, ఫియర్, డౌట్ అన్నిటితోనూ నప్పుతుంది. మిస్కన్సెప్షన్‌కు కరెక్ట్, క్లియరప్ కూడా సరిపోతాయి; క్లియరప్ మాట్లాడే భాషకు దగ్గర. డీబంక్ అంటే ఆధారాలు చూపి డొల్లతనం బయటపెట్టడం. మిత్, క్లెయిమ్, థియరీలను డీబంక్ చేస్తాం, డౌట్‌ను చేయం. ఇందులోని బంక్ అమెరికాలో నార్త్ కరొలినాలోని బంకమ్ కౌంటీ పేరు నుంచి వచ్చింది. 1820లో అక్కడి ప్రతినిధి ఫీలిక్స్ వాకర్ కాంగ్రెస్‌లో సభ్యులు వారిస్తున్నా ఆపకుండా, బంకమ్ కోసమే మాట్లాడుతున్నానన్నాడు. అలా ఆ పేరు ఊకదంపుడుకు మారుపేరైంది.

ఉదాహరణకు టీకాల గురించైతే మీ వాక్యాన్ని ఇలా మార్చండి: వియ్ షుడ్ డిస్పెల్ కామన్ మిస్కన్సెప్షన్స్ అబౌట్ వ్యాక్సీన్స్. మిస్కన్సెప్షన్ తర్వాత విషయం పేరు చెబితే అబౌట్, పూర్తి వాక్యం చెబితే దట్.

ప్రశ్న: ‘ఇటీజ్ ఎ కామన్ మిస్కన్సెప్షన్ దట్’, ‘కాంట్రరీ టు పాపులర్ బిలీఫ్’ ఒకటేనా? – ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: రెండూ ఒకే పనికి వస్తాయి గానీ, వాటి తర్వాత రాసేది పూర్తిగా వేరు. మొదటిదాని వెనక అబద్ధం రావాలి: ఇటీజ్ ఎ కామన్ మిస్కన్సెప్షన్ దట్ బ్యాట్స్ ఆర్ బ్లైండ్. రెండోదాని వెనక నిజం రావాలి: కాంట్రరీ టు పాపులర్ బిలీఫ్, బ్యాట్స్ ఆర్ నాట్ బ్లైండ్. మొదటిదానిలో నాట్ చేర్చారా, గబ్బిలాలు గుడ్డివేనని మీరే ఒప్పుకున్నట్టు! తెలుగులో ‘అన్నది అపోహ’ వాక్యం చివర వస్తుంది, ఇంగ్లిష్‌లో ముందే వచ్చేస్తుంది. అందుకే పిల్లలు ఇక్కడ తడబడతారు. తరగతిలో ఒకే విషయాన్ని రెండు విధాలా పక్కపక్కన రాయించండి. రెండో వాక్యంలో కామా మరవకుండా చూడండి.

ఇక్కడ పాపులర్ అంటే ప్రజాదరణ పొందినదని కాదు, జనసామాన్యంలో ఉన్నదని. వైడ్లీ హెల్డ్ బిలీఫ్ అన్నా చాలామంది నమ్మేదనే అర్థం, తప్పని కాదు. తప్పని చెప్పాలంటే మిస్టేకెన్ చేర్చాల్సిందే.

ప్రశ్న: అపోహను సూపర్‌స్టిషన్ అనవచ్చా? – గృహిణి, నిజామాబాద్

జవాబు: అనకూడదు. సూపర్‌స్టిషన్ అంటే మూఢనమ్మకం; పిల్లి ఎదురైతే కీడు అనుకోవడం అలాంటిది. వేళ్లు విరిస్తే కీళ్లవాతం వస్తుందనడం మిత్. మాటల్లో ఓల్డ్ వైవ్స్ టేల్ అనీ అంటారు. అందులో కాస్త చిన్నచూపు ఉంది, కాబట్టి పరీక్షలోనూ పెద్దల దగ్గరా వాడొద్దు.