కణితిలో కెరాటిన్‌ను ఎందుకు వెతుకుతారు?

ప్రశ్న: బయాప్సీ రిపోర్టులో ‘పాన్ కెరాటిన్ పాజిటివ్, సీకే7 నెగటివ్, సీకే20 పాజిటివ్’ అని ఉంది. కెరాటిన్ జుట్టులో, గోళ్లలో ఉండేది కదా, కణితిలో దానితో పనేమిటి?

జవాబు: చర్మం, పేగుల లోపలి పొర, శ్వాసనాళాలు, గ్రంథులు వంటి ఎపిథీలియల్ (ఉపరితలాలను కప్పే, గ్రంథులను ఏర్పరచే) కణజాలాలన్నింటిలోనూ కణానికి లోపలినుంచి బలాన్నిచ్చే తంతువులు కెరాటిన్‌తోనే తయారవుతాయి. మనిషిలో కెరాటిన్ జన్యువులు 54 ఉన్నాయి. ఏ కణజాలంలో ఏ రకం ఉంటుందన్నది చాలావరకు నిర్దిష్టం. కణం క్యాన్సర్‌గా మారినా ఆ ఆనవాలు తరచుగా మిగిలే ఉంటుంది. ఈ పరీక్షకు ఆధారం అదే.

కణితి ఎపిథీలియల్ కణాలనుంచి పుట్టిందా అన్నది మొదటి ప్రశ్న. దానికి ఏఈ1/ఏఈ3 వంటి యాంటీబాడీల (నిర్దిష్ట ప్రోటీనుకు అతుక్కుని, అది ఉన్నచోటు రంగుగా కనిపించేలా చేసేవి) మిశ్రమం వాడతారు; చాలారకాల కెరాటిన్లను ఒకేసారి పట్టుకునే ఇలాంటి పరీక్షనే ‘పాన్ కెరాటిన్’ అంటారు. ఏఈ1 ఆమ్లగుణమున్న టైప్ 1 కెరాటిన్లలో చాలావాటికి, ఏఈ3 క్షారగుణమున్న టైప్ 2 కెరాటిన్లకు అతుక్కుంటాయి. ఆ తర్వాత పుట్టినచోటు తెలుసుకోవడానికి సీకే7, సీకే20 (సైటోకెరాటిన్ 7, 20 అనే కెరాటిన్ రకాలు) చూస్తారు: మీరు రాసిన ‘సీకే7 నెగటివ్, సీకే20 పాజిటివ్’ ఫలితం పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువగా కనిపిస్తుంది, ఊపిరితిత్తుల అడినోకార్సినోమాలో (గ్రంథికణాల తరహా క్యాన్సర్‌లో) సాధారణంగా ఇందుకు విరుద్ధంగా ఉంటుంది.

అయితే ఒక్క రంగును చూసి నిర్ణయానికి రావడం సరికాదని గట్టిగా చెప్పాలి. ఫార్మలిన్‌లో నిల్వచేసిన ముక్కలో ప్రోటీన్లు ఒకదానికొకటి బంధించుకుపోతాయి కనుక, వేడితోనో ఎంజైముతోనో వాటిని తిరిగి యాంటీబాడీకి అందేలా చేయకపోతే ఉన్న కెరాటిన్ కూడా లేనట్టే కనిపించవచ్చు. పైగా కొన్ని రక్తనాళ కణితులు సైతం కెరాటిన్ పాజిటివ్‌గా వస్తాయి. అందుకే పాథాలజిస్టు కణాల ఆకృతినీ, పరీక్ష సరిగా పనిచేసిందో లేదో చూపే కంట్రోల్ స్లైడునూ, ఇతర మార్కర్లనూ కలిపి చదువుతారు.