యోధురాలి పక్కన కాకి ఉంటే చావేనా? ముందు అంకె చూడండి

జోస్యం చెప్పే టారో కార్డుల్లో, కెల్టిక్ గాథల బొమ్మలున్న డెక్‌లో (కార్డుల కట్టలో) కత్తి పట్టిన స్త్రీ, పక్కన కాకి వచ్చాయని, అది చావు సూచనా అని అడిగారు. కంగారు పడకండి, చావు కార్డు 13. మీ కార్డు అంకె చూడండి. 1909 నాటి రైడర్-వెయిట్ అనే టారో డెక్ వరసలో 8 శక్తి, 11 న్యాయం. అంతకన్నా పాతదైన మార్సెయ్ డెక్ వరసలో ఇవి తారుమారు. చాలామంది పొరబడేది ఇక్కడే. అంకె లేకుండా కత్తుల గుర్తుంటే బహుశా కత్తుల రాణి.

ఇక బొమ్మ. కాకి ఉంది కాబట్టి ఐర్లండ్ యుద్ధదేవత మోరిగన్ కావచ్చు. పోరు ఫలితాన్ని ముందే పలుకుతుంది, అందుకని హెచ్చరికగా చదవండి. శిష్యుడికి యుద్ధవిద్య నేర్పుతుంటే స్కాహఖ్. ఈమె ఐరిష్ గాథల వీరుడు కూ హులిన్‌కు గురువు. అప్పుడు అర్థం సాధన. రథం ఎక్కి ఉంటే బూడికా. ఆమె దేవత కాదు, క్రీ.శ. 60-61లో రోమన్లపై తిరగబడ్డ, బ్రిటన్‌లోని ఐసీనీ తెగ రాణి. ధిక్కారం అనండి, గెలుపు మాత్రం అనకండి, చివరికి ఓడిపోయింది.