పాత జేసీబీ జాకీతో కట్టెలు చీల్చే మిషన్ ఇంటి దగ్గరే చేసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: కలిగిరి వైపు మీకు పొగాకు బ్యారన్లు (కట్టెల పొయ్యి వేడితో ఆకును క్యూరింగ్ చేసే గదులు) ఉన్నాయి. లావుపాటి తుమ్మ, వేప మొద్దులు పడి ఉన్నాయి, చీల్చడానికి మనుషులు దొరకడం లేదు. పాత ఇనుము అంగట్లో ఒక జేసీబీ జాకీ (ఆయిల్ ప్రెషర్‌తో తోసే హైడ్రాలిక్ సిలిండర్) చూశారు. దాన్ని పెట్టి మిషన్ చేసుకోవచ్చా, పది టన్నులు చాలా లేక ఇరవై కావాలా, ట్రాక్టర్‌తో నడపాలా లేక 5 హెచ్‌పీ మోటార్ పెట్టాలా అని అడిగారు.

చేసుకోవచ్చు. నేను కొండపి దగ్గర ట్రాక్టర్ రిపేర్ షెడ్డు నడుపుతున్నాను, మాకూ బ్యారన్లు ఉన్నాయి. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను గాలికి మా చేల గట్ల మీద పెద్ద చెట్లు పడిపోయాయి. వాటి మొద్దుల కోసమే మా షెడ్డులో మొదటి మిషన్ చేశాం. ఇప్పటికీ అదే వాడుతున్నాం. ఆ తర్వాత మా బావమరిది వాళ్ళకూ, తెలిసినవాళ్ళకూ చేసి ఇచ్చాను. వేరే చోట్ల చేసినవి రిపేరుకు కూడా వస్తుంటాయి. అవన్నీ చూశాక నేను గట్టిగా చెప్పేది ఒకటే. అందరూ జాకీ గురించి అడుగుతారు, జాకీనీ బ్లేడునూ మోసే ఇనుప గర్డర్ గురించి ఎవరూ అడగరు. మా షెడ్డుకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం గర్డర్ వంగినవే.

ముందు టన్నుల లెక్క చూద్దాం. జాకీ లోపలి పిస్టన్ వైశాల్యాన్ని ఆయిల్ ప్రెషర్‌తో గుణిస్తే తోసే బలం వస్తుంది. లోపలి వ్యాసం 100 మి.మీ. ఉంటే వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. 150 బార్ ప్రెషర్ దగ్గర అది సుమారు 12 టన్నులు తోస్తుంది. 80 మి.మీ. జాకీ అయితే ఏడున్నర టన్నుల పైచిలుకు, 125 మి.మీ. అయితే 18 టన్నుల పైన. ఇక్కడ చాలామంది 125 వైపు మొగ్గుతారు. కానీ జాకీ లావయ్యేకొద్దీ అది నిండడానికి ఆయిల్ ఎక్కువ కావాలి. నిమిషానికి 20 లీటర్లిచ్చే పంపుతో 600 మి.మీ. పొడవు తోయడానికి 100 మి.మీ. జాకీకి 14 సెకన్లు పడితే, 125కి 22 సెకన్లు పడుతుంది. రోజంతా నిలబడి పనిచేసే మనిషికి ఈ తేడా బాగా తెలుస్తుంది.

మన కర్రకు 12 టన్నులు చాలు. మా మిషన్‌కు ప్రెషర్ గేజి పెట్టాం కాబట్టి ఏ కర్ర ఎంత అడుగుతుందో కంటికి కనిపిస్తుంది. తిన్నగా ఉన్న సరుగుడు, మామిడి మొద్దులకు ముల్లు సగం కూడా దాటదు. జామాయిల్ పచ్చిగా ఉన్నప్పుడు సులువుగా విడిపోతుంది. ఎండాక పీచు మెలితిరిగి మొండికేస్తుంది, అందుకే కొట్టిన వెంటనే చీల్చేయండి. చేవదేరిన నల్ల తుమ్మ, కొమ్మలు పుట్టిన చోట ముడిపడ్డ వేప, చింత బోదె మాత్రం ముల్లును చివరిదాకా తీసుకెళ్తాయి. అలాంటి మొద్దును నడిమధ్యలో చీల్చబోకుండా అంచు నుంచి పెళ్లలు పెళ్లలుగా తీసుకుంటూ రండి. చిల్లకర్ర (సర్కారు తుమ్మ) మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అది వంకర, మిషన్ మీద నిలవదు, పొట్టి ముక్కలుగా కోసి అలాగే పొయ్యిలో వేసుకోవడం మేలు.

ఇక గర్డర్. జాకీ తోసే బలం గర్డర్ మధ్యలోంచి పోదు, దానికి పైన ఒక జానెడు లోపు ఎత్తులో పోతుంది. ఒక చివర జాకీ, ఇంకో చివర బ్లేడు ఉంటాయి కాబట్టి తోసిన ప్రతిసారీ గర్డర్‌ను విల్లులాగా వంచాలని చూస్తుంది. బలం గర్డర్ పైతలానికి 100 మి.మీ. ఎత్తులో పనిచేస్తుందనుకుని లెక్క వేస్తే, 12 టన్నుల దగ్గర 150 మి.మీ. ఐ గర్డర్‌లో వచ్చే ఒత్తిడి 250 మెగాపాస్కల్ దాటిపోతుంది. మామూలు మైల్డ్ స్టీల్ శాశ్వతంగా వంగడం మొదలుపెట్టే హద్దు అదే. అదే 200 మి.మీ. గర్డర్‌లో 150 లోపు ఉంటుంది. 200 గర్డర్ మీటరుకు సుమారు 25 కిలోలు తూగుతుంది, ధర చూసి చాలామంది 150కి దిగిపోతారు. మొదట్లో బాగానే ఉంటుంది. కొన్నాళ్ళకు గర్డర్ మధ్యలో పైకి ఉబ్బి, తోసే ప్లేటు పైకి లేస్తుంది, జాకీ రాడ్డు మీద పక్క బరువు పడి సీళ్ళు పోతాయి. యజమాని మాత్రం జాకీ చెడిపోయిందని మా దగ్గరికి తెస్తాడు. మీరు దేంట్లో డబ్బు మిగుల్చుకున్నా ఇందులో మాత్రం వద్దు.

బ్లేడు ఎక్కడ పెట్టాలనేది రెండో ప్రశ్న. రాడ్డు చివర బ్లేడు బిగించి ముందుకు తోయించే పద్ధతి ఒకటి, గర్డర్ చివర బ్లేడు పాతి మొద్దునే దాని మీదికి తోసే పద్ధతి ఇంకొకటి. నా ఓటు రెండోదానికి. ఇరుక్కున్న మొద్దును తర్వాతి మొద్దు ముందుకు నెట్టేస్తుంది, చీలిన ముక్కలు మనకు దూరంగా అవతల పడతాయి. బ్లేడుకు 25 మి.మీ. ప్లేటు, 200 మి.మీ. ఎత్తు చాలు. మరీ పదును అక్కర్లేదు. మొదటి అంగుళం దిగాక కర్రను విడదీసేది పదును కాదు, వెనక వెడల్పయ్యే భాగమే. కాబట్టి బ్లేడు వెనక రెండు వైపులా ఏటవాలు ప్లేట్లు అతికించండి. లారీ కమాను పట్టీతో బ్లేడు చేద్దామని మీ వెల్డర్ అంటే ఒప్పుకోకండి. అది గట్టి స్టీలు, ముందుగా వేడి చేయకుండా వెల్డింగ్ పెడితే అతుకు పక్కనే పగులుతుంది. మైల్డ్ స్టీల్ ప్లేటు పెట్టి, ఆరబెట్టిన 7018 రాడ్లతో వెల్డింగ్ చేయించి, వెనక నుంచి గట్టి ఆనుబద్ద ఇప్పించండి. గేట్లకు, గ్రిల్స్‌కు వాడే రాడ్లతో ఈ పని చేయించకూడదు. జాకీ పూర్తిగా చాచినప్పుడు కూడా తోసే ప్లేటుకూ బ్లేడుకూ మధ్య 15, 20 మి.మీ. ఖాళీ ఉండేలా చూసుకోండి.

జాకీ వెనక భాగాన్ని గర్డర్‌కు నేరుగా వెల్డింగ్ చేయకూడదు. పిన్ను మీద నిలబెట్టాలి. తోసే ప్లేటు గర్డర్ అంచులను పట్టుకుని జారేలా కింద క్లిప్పులు పెట్టి గ్రీజు పూయండి. అప్పుడు పక్క బరువును ప్లేటు మోస్తుంది, రాడ్డు తిన్నగా తోసే పని ఒక్కటే చేస్తుంది.

మీరు చూసిన జాకీ గురించి. జేసీబీ జాకీలు డబుల్ యాక్టింగ్, అంటే ఆయిల్‌తోనే ముందుకీ వెనక్కీ నడుస్తాయి. మనకు కావాల్సింది అదే. ట్రాలీ లేపే జాకీ చవగ్గా ఇస్తామన్నా వద్దు, అది పైకి మాత్రమే తోస్తుంది, ట్రాలీ బరువుకు దిగుతుంది. పడుకోబెట్టిన మిషన్‌లో దాన్ని వెనక్కి తెచ్చేది ఏదీ ఉండదు. కొనేముందు రాడ్డు మీద గోరు పెట్టి పొడవునా గీయండి. గోరు తట్టుకునే గుంటలుంటే ఎన్ని సీళ్ళు మార్చినా ఆయిల్ కారుతూనే ఉంటుంది. తర్వాత ఏదైనా ట్రాక్టర్‌కు కలిపి రాడ్డు పూర్తిగా చాచి, వెనక్కి తెచ్చే వైపు పైపు విప్పి, మళ్ళీ ప్రెషర్ ఇచ్చి చూడండి. విప్పిన చోటు నుంచి ఆయిల్ ధారగా వస్తుంటే పిస్టన్ సీలు పోయింది. సీలు ఒక్కటే పోతే దిగులు లేదు, కిట్ మార్చుకోవచ్చు. లోపల గోడ గీతలు పడితే వదిలేయండి.

ట్రాక్టర్ ఉన్నప్పుడు మోటార్ ఎందుకు? నా సలహా ట్రాక్టరే. ఎక్కువ ట్రాక్టర్లలో హైడ్రాలిక్ రిలీఫ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ను వదిలేసే వాల్వు) 150 నుంచి 200 బార్ మధ్యలో ఉంటుంది, మన లెక్కకు సరిపోతుంది. రివర్సిబుల్ నాగలి కోసం డబుల్ యాక్టింగ్ వాల్వు పెట్టించిన ట్రాక్టర్ అయితే రెండు పైపులు తగిలిస్తే చాలు. అది లేకపోతే ట్రాలీ పాయింటు నుంచి ప్రెషర్ తీసుకుని, మిషన్ మీద విడిగా లివర్ వాల్వు పెట్టి, తిరిగొచ్చే ఆయిల్‌ను ట్రాక్టర్ హౌసింగ్‌లోకి (ఆయిల్ నిలిచే పెట్టెలోకి) పంపాలి. ఆ వాల్వు ఓపెన్ సెంటర్‌ది (లివర్ మధ్యలో ఉన్నప్పుడు ఆయిల్‌ను అడ్డు లేకుండా వెనక్కి పోనిచ్చేది) అయి ఉండాలి, లేకపోతే లివర్ వదిలినా పంపు రిలీఫ్ మీద మూలుగుతూ ఆయిల్‌ను కాలుస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం చాలా ముఖ్యం. మన ట్రాక్టర్లలో ఎక్కువ భాగం గేరుబాక్సుకూ హైడ్రాలిక్‌కూ ఒకటే ఆయిల్. అంగట్లో ఏళ్ళ తరబడి పడి ఉన్న జాకీలో తుప్పు, ఇసుక ఉంటాయి. కడగకుండా తగిలిస్తే ఆ మురికంతా పోయేది మీ ట్రాక్టర్ పంపులోకే. జాకీని విప్పి డీజిల్‌తో కడిగి, కొత్త సీళ్ళు వేశాకే కలపండి. పెద్ద జాకీ నాలుగైదు లీటర్లు తనలో పట్టుకుంటుంది కాబట్టి హౌసింగ్‌లో ఆయిల్ మట్టం కూడా చూసుకోవాలి.

ట్రాక్టర్‌ను అక్కడ కట్టేయడం మీకు కుదరదు, మోటారే కావాలంటే లెక్క మారుతుంది. 150 బార్ దగ్గర నిమిషానికి 20 లీటర్లు ఇవ్వాలంటే నష్టాలు కలుపుకుని దాదాపు 8 హెచ్‌పీ కావాలి. 5 హెచ్‌పీ మోటార్ అంత పంపును తిప్పలేదు, మొద్దు బిగుసుకోగానే ఆగిపోతుంది. దానికి 12 లీటర్ల పంపే సరి. అంటే 1440 ఆర్‌పీఎం మీద తిరుగుకు 8 సీసీ పైచిలుకు. నెమ్మదిగా ఉన్నా పని జరుగుతుంది. రెండు స్టేజీల పంపు దొరికితే ఇంకా మంచిది. ఖాళీగా కదిలేటప్పుడు ఎక్కువ ఆయిల్ ఇస్తుంది, బరువు తగలగానే తక్కువ ఆయిల్‌తో ఎక్కువ ప్రెషర్‌కు మారుతుంది. గేర్ పంపు షాఫ్టుకు బెల్టు పుల్లీ వేయకండి. పక్కకు లాగే బలానికి బేరింగులు నిలవవు. రబ్బరు స్పైడర్ ఉన్న కప్లింగ్‌తో మోటార్‌కు సూటిగా కలపాలి. ట్యాంకు 40 లీటర్లు పెట్టండి, రిటర్న్ పైపు ఆయిల్ మట్టానికి కింద తెరుచుకోవాలి. మన ఎండలకు హైడ్రాలిక్ ఆయిల్ వీజీ 68 (చిక్కదనం గ్రేడు) మేలు. రాడ్డు వెనక్కి వచ్చేటప్పుడు పంపు ఇచ్చేదానికంటే ఎక్కువ ఆయిల్ బయటికి పోతుంది, అందుకని రిటర్న్ పైపు, ఫిల్టర్ ఒక సైజు పెద్దవే వేయించండి.

పైపులు ఆర్2 రకం, రెండు వరసల తీగ అల్లినవి. అరంగుళం ఆర్1 పైపు మన ప్రెషర్‌కు అంచున ఉంటుంది, దాని మీద నమ్మకం పెట్టుకోకూడదు. మొద్దు కదలడం లేదని రిలీఫ్ స్క్రూ బిగించే అలవాటు కొందరికి ఉంటుంది. దయచేసి ఎవరినీ దాన్ని ముట్టుకోనివ్వకండి. మీ లెక్కలన్నీ ఆ ప్రెషర్ మీద ఆధారపడి వేసినవే. మొద్దు కదలకపోతే వెనక్కి తెచ్చి తిప్పి పెట్టాలి.

ఇప్పుడు చెప్పేది మీ కూలీలకు కూడా చదివి వినిపించండి. ఒకరు మొద్దు పట్టుకుని ఇంకొకరు లివర్ లాగే పద్ధతి అసలు వద్దు. ఈ మిషన్ల మీద వేళ్ళు పోయేది ఎక్కువగా అక్కడే. మొద్దు పెట్టినవాడే లివర్ లాగాలి, వదలగానే అది మధ్యలోకి వచ్చి ఆగాలి. మొద్దు రెండు చివరలూ చదునుగా కోసి ఉండాలి, ఏటవాలుగా ఉంటే తోసేటప్పుడు పక్కకు ఎగురుతుంది. పీటీవోతో (ట్రాక్టర్ వెనక తిరిగే షాఫ్టుతో) పంపు తిప్పుతున్నట్లయితే షాఫ్టుకు కవచం తప్పనిసరి, నిమిషానికి 540 సార్లు తిరిగేది పంచె అంచునో చీర కొంగునో పట్టుకుంటే మనిషిని వదలదు. పైపులో ఆయిల్ చిమ్ముతున్నట్టు అనిపిస్తే చేత్తో తడమకండి. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి చీమ కుట్టినట్టే కనిపిస్తుంది, లోపల మాంసం కుళ్ళిపోతుంది. గంటల్లో ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. అట్ట ముక్క అడ్డం పెట్టి చూడండి. ఒకవేళ తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళి, ప్రెషర్‌తో ఆయిల్ లోపలికి పోయిందని డాక్టర్‌కు స్పష్టంగా చెప్పండి.

గర్డర్ పైతలం నడుము ఎత్తుకు కొంచెం తక్కువగా ఉండేలా కాళ్ళు పెట్టండి, చీలిన సగాన్ని వంగి ఎత్తే పని లేకుండా రెండు పక్కలా పళ్ళెం లాంటి రేకులు కట్టించండి. బ్యారన్లు వెలిగించడానికి కొన్ని నెలల ముందే చీల్చి పేర్చుకుంటే కర్ర ఆరి, పొయ్యిలో పొగ తగ్గి వేడి నిలకడగా ఉంటుంది. క్యూరింగ్‌లో మనకు కావాల్సిన నిలకడ పచ్చి మొద్దులతో రాదు.

మీ ట్రాక్టర్ మోడల్, ఆ జాకీ లోపలి వ్యాసం, రాడ్డు లావు, చాచే పొడవు కొలిచి ఇక్కడే రాయండి. గర్డర్ ఎంత పొడవు కోయించాలో, పిన్ను ఎక్కడ పెట్టాలో లెక్క వేసి చెప్తాను.