అన్నిటికంటే పెద్ద సమస్య ఏది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

2024 లోక్‌సభ ఎన్నికల ముందు లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు 19 రాష్ట్రాల్లో దాదాపు పది వేల మంది ఓటర్ల దగ్గరికి వెళ్ళి, ఈ ఎన్నికల్లో మీకు అన్నిటికంటే ముఖ్యమైన సమస్య ఏదని అడిగారు. 27 శాతం మంది నిరుద్యోగం అన్నారు, 23 శాతం మంది ధరలు అన్నారు, 13 శాతం అభివృద్ధి అన్నారు, అవినీతి, రామమందిరం చెరో 8 శాతం దగ్గర ఆగాయి. పోయిన సంచికలో ఈ లెక్కలు వేసిన దగ్గర్నుంచి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. ఎక్కువ మంది అడిగినవి ఇక్కడ తీసుకున్నాం.

డిగ్రీ అయిపోయి నాలుగేళ్ళయింది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్ 2కి చదువుతున్నాను. ప్రభుత్వ లెక్కల్లో నిరుద్యోగం 3.2 శాతమే అని టీవీలో చెప్పారు. మీరేమో జనం దాన్నే పెద్ద సమస్య అన్నారని రాశారు. ఎవరి మాట నమ్మాలి? ఇంట్లో వాళ్ళు ఆ 3.2 చూపించి, అందరికీ పని దొరుకుతోంది, నీకే దొరకట్లేదు అంటున్నారు.
*- ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా*

తమ్ముడూ, ముందు ఈ జవాబు ఇంట్లో చదివి వినిపించు. ఆ 3.2 శాతం అబద్ధం కాదు, కానీ నువ్వు పడుతున్న ఇబ్బందిని కొలిచే లెక్క కూడా కాదు. అది పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే సర్వేలో 2023-24కి వచ్చిన అంకె, కేంద్ర గణాంకాల శాఖ ఏటా చేస్తుంది. 15 ఏళ్ళు దాటినవాళ్ళలో పనిలో ఉన్నవాళ్ళనీ, పని వెతుక్కుంటున్నవాళ్ళనీ మాత్రమే కలిపి, అందులో పని లేనివాళ్ళు ఎంతమందో చూస్తారు. ఇప్పుడు నీ సంగతే తీసుకుందాం. పొద్దున్న ఏడింటికి చిక్కడపల్లి లైబ్రరీ ముందు సీటు కోసం లైన్‌లో నిలబడి, రాత్రి దాకా అక్కడే చదువుకుంటూ, వేరే ఉద్యోగాలకు అప్లై చెయ్యకుండా, ఇస్తామన్నా చేరకుండా ఉంటే, ఆ లెక్కలో నువ్వు నిరుద్యోగివి కాదు, అసలు శ్రామికుల జాబితాలోనే లేవు. పోనీ విసిగిపోయి ఊరికెళ్ళి, నాన్న కిరాణా కొట్లో జీతం లేకుండా ఆర్నెల్లు కూర్చున్నావనుకో, అప్పుడు నీకు ఉపాధి ఉన్నట్టే రాసుకుంటారు. ఏడాదిలో 30 రోజులు ఏదో ఒక పని చేసినా ఆ లెక్కలో పని ఉన్నవాళ్ళ వైపే పడతావు. ఇందులో మోసం లేదు. అందరినీ ఒకే కొలతతో కొలవాలంటే ఏదో ఒక గీత గీయాలి కదా. ఇదే సర్వే 2017-18కి 6 శాతం చూపించింది, ఆ రిపోర్టు ఎన్నికల ఫలితాలు వచ్చాక 2019 మే 31న బయటికొచ్చింది. కాబట్టి ఆ సర్వేకి చెడ్డ అంకె చూపించడం రాదని కాదు. 2023-24లో కూడా 15 నుంచి 29 ఏళ్ళ లోపు వాళ్ళని విడిగా చూస్తే 10.2 శాతం వచ్చింది. ఇంట్లో ఆ అంకె కూడా చూపించు.

జనాన్ని అడిగినప్పుడు వాళ్ళు ఈ గీతలేవీ చూసుకోరు, చూసుకోనక్కర్లేదు కూడా. బీటెక్ చదివి డెలివరీ బండి నడుపుతున్న కొడుకు ఉన్న తల్లి నిరుద్యోగం అని చెప్తుంది, ఆ అబ్బాయికి నెలనెలా డబ్బులొస్తున్నా సరే. ఆవిడ చెప్పింది తప్పా? నాకైతే ఆవిడే అసలు విషయం చెప్తున్నట్టు అనిపిస్తుంది. చదివిన చదువుకు, పెట్టిన ఖర్చుకు తగ్గ పని లేదని ఆవిడ బాధ. అదే లోక్‌నీతి సర్వేలో, గత ఐదేళ్ళలో ఉద్యోగం దొరకడం ఇంకా కష్టమైందని 62 శాతం మంది చెప్పారు. వాళ్ళందరి ఇళ్ళల్లో ఖాళీగా కూర్చున్నవాళ్ళు ఉండకపోవచ్చు, కానీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసేవాళ్ళు, పేపర్ లీకై 2023 మార్చిలో గ్రూప్ 1 ప్రిలిమ్స్ రద్దయితే మళ్ళీ మొదటి నుంచి పుస్తకం తెరిచినవాళ్ళు, అలాంటివాళ్ళు ఎవరో ఒకరు బంధువుల్లోనో పక్కింట్లోనో ఉంటారు. అది చూసినవాళ్ళే ఆ మాట అంటారు. నీకే దొరకట్లేదు అన్న మాట మాత్రం మనసులో పెట్టుకోకు.

మా వీధిలోకి సర్వే వాళ్ళు వచ్చారు. తలుపు తీసింది నేనే. మగవాళ్ళు ఉన్నప్పుడు మళ్ళీ వస్తాం అని వెళ్ళిపోయారు, ఆదివారం వచ్చి మా ఆయన్ని అడిగి రాసుకున్నారు. ధరల గురించి అడిగితే ఆయన 'కొంచెం పెరిగాయి' అన్నారు. సంతకి వెళ్ళేది నేను! ఒకపక్క ధరల పెరుగుదల తగ్గింది, తగ్గింది అని వార్తల్లో చెప్తుంటే పిచ్చెక్కుతోంది.
*- ఒక గృహిణి, తణుకు*

అమ్మా, మీ కోపం న్యాయమైనది. ఓటర్ల జాబితా నుంచి పేర్లు తీసుకుని చేసే మంచి సర్వేలో, మీ పేరు వస్తే మిమ్మల్నే అడగాలి, మీ బదులు ఇంకొకర్ని అడిగి రాసుకోకూడదు. ఈసారి ఎవరైనా వస్తే, మీ జాబితాలో ఎవరి పేరుందో చూపించండి అని అడగండి. మీ పేరుంటే అక్కడే కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పండి. ఆడవాళ్ళలో 'తెలియదు', 'చెప్పలేను' అన్న జవాబులు ఎక్కువ వస్తాయని సర్వేలు చేసేవాళ్ళే చెప్తుంటారు. పక్కన భర్తో మామగారో నిలబడి వింటుంటే ఇంకెలా వస్తాయి?

ఇక ధరలు. పెరుగుదల తగ్గింది అంటే ధర తగ్గిందని కాదు, ఇంతకుముందంత వేగంగా పెరగట్లేదని. నిరుడు 30 పెరిగిన సరుకు ఈ ఏడు 2 రూపాయలే పెరిగితే, మీరు ఆ 32 రూపాయలూ ఎక్కువ ఇచ్చి కొంటూనే ఉంటారు. 2025 జులైలో అధికారిక లెక్క ప్రకారం ధరల పెరుగుదల 2 శాతం కంటే తక్కువ. అదే నెలలో రిజర్వ్ బ్యాంకు హైదరాబాద్‌తో సహా 19 నగరాల్లో కుటుంబాలను అడిగితే, మాకు 7 శాతం పైనే అనిపిస్తోంది అన్నారు. ఆ సర్వేలో గృహిణుల్ని కూడా అడుగుతారు. ఈ తేడా చూసి జనానికి లెక్కలు రావు అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంట్లో మనిషికి రోజూ కొనే పాలు, నూనె, కూరగాయలు, జూన్‌లో కట్టే స్కూలు ఫీజు గుర్తుంటాయి. అయిదేళ్ళకోసారి కొనే టీవీ చవకైందని ఎవరికి గుర్తుంటుంది?

ఇందులో ఇంకో సంగతి ఉంది, మీరు సంతకి వెళ్తారు కాబట్టి మీకు చెప్పాలి. 2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200 దగ్గరికి వెళ్ళింది. అప్పుడు ఎన్ని ఇళ్ళల్లో పావు కిలో కొని, చారులో చింతపండు రసం పెంచి సర్దుకున్నారో మీకు తెలుసు. సెప్టెంబరు వచ్చేసరికి పత్తికొండ వైపు రైతులు కోత కూలి కూడా గిట్టక పంట రోడ్డు పక్కన పారబోశారు. జులైలో మిమ్మల్నీ సెప్టెంబరులో ఆ రైతునీ పెద్ద సమస్య ఏదని అడిగితే ఇద్దరూ ధర గురించే చెప్తారు. సర్వే వాళ్ళు రెండూ ఒకే గడిలో టిక్ పెడితే, మీ బాధకు విరుగుడు ఆయనకు దెబ్బ అవుతుందన్న సంగతి ఆ 23 శాతంలో ఎక్కడా కనపడదు. ఎగుమతులు ఆపేస్తాం, దిగుమతి చేసుకుంటాం అని ఢిల్లీలో నిర్ణయం తీసుకున్నప్పుడల్లా నాకు ఈ గడే గుర్తొస్తుంది.

ఉద్యోగాలే సమస్య అంటారు, పోలింగ్ ముందు రాత్రి వెయ్యి రూపాయలు తీసుకుని కులం చూసి ఓటేస్తారు. ఇలాంటి జనం అభిప్రాయానికి విలువ ఏముంది? ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను, నాకు నమ్మకం పోయింది.
*- రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఖమ్మం*

మాస్టారూ, మీ బాధ అర్థమైంది గానీ మీతో ఏకీభవించను. వెయ్యి తీసుకున్న మనిషి, కొడుక్కి ఉద్యోగం లేదని చెప్పింది కూడా నిజమే. సమస్య చెప్పడం వేరు, దాన్ని ఎవరు తీరుస్తారో తేల్చుకోవడం వేరు. లోక్‌నీతి వాళ్ళు ఉద్యోగాలు తగ్గడానికి బాధ్యత ఎవరిది అని కూడా అడిగారు, సగం కంటే ఎక్కువ మంది కేంద్రం, రాష్ట్రం రెండిటిదీ అన్నారు. రెండిటిదీ అన్నాక ఎవర్ని శిక్షించాలి? నిలబడ్డ ప్రతి పార్టీ మేనిఫెస్టోలోనూ ఉద్యోగాలు ఉంటే, ఓటరు వేరే ఏదో చూసుకుని తేల్చుకుంటాడు. అప్పుడు కులమూ వస్తుంది, పథకమూ వస్తుంది, అభ్యర్థి ఫోన్ ఎత్తుతాడా లేదా అన్నదీ వస్తుంది.

జనం నోట వచ్చే సమస్య కూడా కాలాన్ని బట్టి మారుతుంది. 2018 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ సంస్థ 2.73 లక్షల మంది ఓటర్లను అడిగితే ఉద్యోగాలు మొదట, వైద్యం రెండు, తాగునీరు మూడు. తర్వాత 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి, బాలాకోట్, ఇక ప్రచారమంతా దేశ భద్రత చుట్టూ తిరిగింది. ఆ ఎన్నికల సమయంలో లోక్‌నీతి అడిగితే నిరుద్యోగం అన్నవాళ్ళు 11 శాతమే. రెండు సర్వేలూ అడిగిన తీరు వేరు, అందుకని పక్కపక్కన పెట్టి కొలవకూడదు. కానీ నాలుగు నెలల్లో ఊళ్ళల్లో ఉద్యోగాలేమీ పుట్టుకురాలేదు కదా, టీవీలో, మైకుల్లో వినపడేది మారింది. మార్చినవాళ్ళని వదిలేసి జనాన్నే తప్పుపట్టడం నాకు నచ్చదు, మాస్టారూ.

ఇక్కడ అమెరికాలో కూడా ఇలాంటి సర్వేలు వస్తుంటాయి. తేడా ఏంటి?
*- న్యూజెర్సీ పాఠకురాలు*

గ్యాలప్ సంస్థ 1930ల నుంచి ఇదే ప్రశ్న అడుగుతోందండీ, జాబితా ఏమీ చదవకుండా, మనిషి తన మాటల్లో చెప్పింది రాసుకుంటుంది. అందుకే అది నాకు ఇష్టం. 2024 ఫిబ్రవరిలో అక్కడ వలసలు మొదటి స్థానానికి వచ్చాయి, 28 శాతం. అలా చెప్పినవాళ్ళలో చాలామంది మనసులో ఉన్నది మెక్సికో సరిహద్దు. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళ తరబడి ఉన్న మీ పక్కింటి తెలుగువాళ్ళకి అదే విషయం పూర్తిగా వేరే సమస్య.

మా ఉద్దానంలో ఇంటికో కిడ్నీ రోగి. ఏ దేశవ్యాప్త సర్వేలోనూ మా సమస్య పేరు కూడా రాదు. మేము ఈ దేశంలో లేమా?
*- ఒక పాఠకుడు, సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా*

ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎందుకు రాదో ముందు చెప్తాను. దేశంలో పోలింగ్ కేంద్రాలు పది లక్షల పైన ఉంటే, 2024 సర్వేలో తీసుకున్నవి 400. ఒక్కో చోట సగటున పాతిక మంది. దేశం మొత్తం మీద గాలి ఎటు వీస్తోందో చెప్పడానికి పది వేల మంది చాలు, వాళ్ళని సరిగ్గా ఎంచుకుంటే అన్నం మెతుకు పట్టి చూసినట్టే. కానీ మీ ఊరు ఆ 400లో పడటమే కష్టం. పడి, పాతికకి పాతిక మందీ కిడ్నీ జబ్బు అని చెప్పినా, పది వేలలో అది పావు శాతం. ప్రింటయ్యేసరికి 'ఇతరాలు' అన్న చివరి వరుసలో కలిసిపోతుంది. అందుకే దేశంలో పెద్ద సమస్య ఏది అన్న జాబితా చూసి, అందులో లేనివి చిన్నవి అనుకోవడం చాలా ప్రమాదం. ఎక్కువ మందికి కొంచెం కొంచెం తగిలే నొప్పి పైకి వస్తుంది, కొద్దిమందిని చంపేసే నొప్పి కింద ఉండిపోతుంది. నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ళతో వంగిపోయిన ఎముకలూ అలా ఎన్నేళ్ళు కింద ఉండిపోయాయో మనకు తెలుసు.

మరి మీ సమస్య బయటికి ఎలా వచ్చింది? కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసేవాళ్ళు మంచాన పడుతుంటే, ఊళ్ళవాళ్ళు, డాక్టర్లు, విలేకరులు ఏళ్ళ తరబడి వదలకుండా చెప్తూ వచ్చారు. జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అయినా 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయర్ నుంచి నీళ్ళు తెచ్చే 700 కోట్ల పథకం మొదలయ్యాయి. అవి మీ దాకా ఎంత వచ్చాయి, ఎక్కడ ఆగాయి అన్నది గ్రామసభలో అడిగి తీర్మానం పుస్తకంలో రాయించండి. ఏ ఇంట్లో ఎవరికి, ఎన్నేళ్ళుగా, డయాలసిస్‌కి ఎక్కడికి వెళ్తున్నారు, ఆటోకి ఎంత అవుతోంది, ఇవన్నీ వీధి వీధికీ మీరే రాసుకోండి. జిల్లా అధికారి ముందు పెట్టడానికి అంతకన్నా గట్టి సర్వే ఇంకొకటి లేదు. ఎప్పుడైనా ఏదో ఒక సర్వేలో మీ వంతు వచ్చి, ఎదుటివాళ్ళు నిరుద్యోగమా, ధరలా, అవినీతా అని చదువుతుంటే, అందులోంచి ఏరుకోకండి. కిడ్నీ జబ్బు అనండి, నేను చెప్పిన మాటే అక్షరాలా రాయండి అనండి, రాశాక కాగితం ఇటు తిప్పి చూపించమనండి.