సందేహాలు – సమాధానాలు: టెండర్లకు ‘చట్టం’ అనవచ్చునా?

సందేహం: ‘రాష్ట్ర సేకరణ చట్టం ప్రకారం టెండర్లు పిలిచారు’ అని వార్తల్లో చదువుతున్నాం. మా ఊరు దాటితే ఒడిశా కనుక ‘అక్కడి సేకరణ చట్టం వేరు’ అని కూడా రాస్తున్నారు. ఈ ప్రయోగాలు సరైనవేనా? ‘టెండరు పాడుకున్నాడు’ అనవచ్చునా?
– ఒక ఉపాధ్యాయుడు, ఇచ్ఛాపురం

సమాధానం: మాస్టారూ, ఆ వాక్యంలో ఇంగ్లీషు ‘ప్రొక్యూర్‌మెంట్’కు బదులు వాడిన ‘సేకరణ’, దాని పక్కన ‘చట్టం’ రెండూ సరిగా కుదరలేదు. మొదటిది వినేవారిని తికమక పెడుతుంది. రెండవది ఏకంగా లేని విషయాన్ని ఉన్నట్టు చెబుతుంది.

‘సేకరణ చట్టం’ అనగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఎవరికైనా స్ఫురించేది భూసేకరణ చట్టమే. వంశధార రిజర్వాయరుకు, భోగాపురం విమానాశ్రయానికి భూములిచ్చిన ఊళ్లున్న ప్రాంతమిది. రైతుకైతే సేకరణ అంటే ధాన్యం సేకరణ. ప్రభుత్వం మందులు, కంప్యూటర్లు కొనడం, రోడ్లు, వంతెనలు కట్టించడం, ఆసుపత్రుల పారిశుద్ధ్యాన్ని ఏజెన్సీలకు ఇవ్వడం, ఈ మూడింటినీ కలిపి చెప్పే ఒక్క మాట తెలుగు వాడుకలో స్థిరపడలేదు. ‘కొనుగోలు’ వస్తువులకు సరిపోతుంది గాని, వంతెనను ఎవరూ కొనరు, కట్టిస్తారు. అందుచేత వస్తువులకు ‘ప్రభుత్వ కొనుగోళ్లు’ అని, నిర్మాణాలకు ‘పనుల అప్పగింత’ అని, అన్నిటికీ కలిపి ‘ప్రభుత్వ టెండర్లు’ అని రాయడమే నాకు సబబుగా తోస్తున్నది. టెండరు లేకుండా నామినేషన్ మీద ఇచ్చే పనులను మాత్రం విడిగా చెప్పాలి.

ఇక ‘చట్టం’ సంగతి. పార్లమెంటు గాని, శాసనసభ గాని బిల్లుగా ఆమోదించి చేసినదే చట్టం. ప్రభుత్వం తన కార్యనిర్వాహక అధికారంతో జారీ చేసేది ఉత్తర్వు, అందరూ అనే మాటలో చెప్పాలంటే జీవో. శాఖలు పాటించడానికి కూర్చినవి నియమావళులు, మాన్యువళ్లు. టెండరు పత్రంలో కాంట్రాక్టరు ఒప్పుకొని సంతకం పెట్టేవి షరతులు. మాటల్లో వీటన్నిటినీ ‘రూల్సు’ అనేస్తే నష్టం లేదు గాని, అచ్చులో అన్నిటినీ ‘చట్టం’ అంటే తప్పవుతుంది. ప్రభుత్వ టెండర్ల విషయంలో ఆ తప్పు మరీ పెద్దది, ఎందుకంటే మన దేశంలో కొన్ని రాష్ట్రాలకు ఈ విషయంలో చట్టముంది, కొన్నిటికి లేదు.

ఏ విషయంపై కేంద్రం, ఏ విషయంపై రాష్ట్రాలు చట్టం చేయవచ్చునో చెప్పే రాజ్యాంగం ఏడవ షెడ్యూలు జాబితాలలో ప్రభుత్వ కొనుగోళ్లనే పేరుతో అంశమేదీ లేదు. 298, 299 అధికరణాల ప్రకారం కేంద్రం రాష్ట్రపతి పేరిట, రాష్ట్రాలు గవర్నరు పేరిట ఎవరి ఒప్పందాలు వారు చేసుకుంటాయి. అందరికీ ఉమ్మడిగా వర్తించేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. కేంద్రం 2012లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టింది గాని, 2014లో సభ రద్దు కావడంతో అది మురిగిపోయింది. నేటికీ కేంద్ర శాఖలు అనుసరించేది 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాలను, వాటి వెంట వచ్చిన మాన్యువళ్లను. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో, రాజస్థాన్ 2012లో, అస్సాం 2017లో సొంత చట్టాలు చేసుకున్నాయి. కేరళ వస్తువుల కొనుగోలును స్టోర్స్ పర్చేజ్ మాన్యువల్‌తో నడుపుతున్నది.

మన రాష్ట్రంలో పనుల టెండర్లకు ఆధారం ప్రధానంగా జీవోలే. 2003 జులై 1న నీటిపారుదల శాఖ ఇచ్చిన 94వ నంబరు జీవోను కాంట్రాక్టర్లెవరూ మరచిపోరు. అంచనా విలువ మీద 5 శాతానికి మించి ఎక్కువ కోట్ చేసిన టెండరును ఆమోదించరాదన్న పరిమితి అందులోనిదే. 2019లో న్యాయపరమైన ముందస్తు పరిశీలన కోసం, అంటే టెండరు పిలవకముందే దాని పత్రాలను న్యాయమూర్తి చూసేందుకు, శాసనసభ ఒక చట్టం చేసిన మాట నిజమే. కాని దాని పరిధి రూ.100 కోట్లు, అంతకు మించిన మౌలిక సదుపాయాల ప్రాజెక్టుల వరకే ఉండేది. మీ మండలంలో వేసే సిమెంటు రోడ్డు దాని కిందికి వచ్చేది కాదు. కనుక ‘రాష్ట్ర టెండరు నిబంధనల ప్రకారం’ అని గాని, తెలిస్తే ‘ఫలానా జీవో ప్రకారం’ అని గాని రాయాలి.

ఇదంతా పట్టింపు కోసం చెబుతున్నది కాదు. కర్ణాటకలో నిర్ణీత విలువ లోపు పనుల్లో ఎస్సీ కాంట్రాక్టర్లకు 17.15 శాతం, ఎస్టీలకు 6.95 శాతం వాటా ఇవ్వడానికి చట్టాన్నే సవరించవలసి వచ్చింది, అంటే విషయం శాసనసభ ముందుకు వచ్చింది. జీవోతో నడిచే నిబంధనను మరొక జీవోతో ఒక్క సాయంత్రంలో మార్చవచ్చు. పాఠకుడు ‘చట్టం మారింది’ అని చదివితే సభలో చర్చ జరిగిందనుకుంటాడు. జరగని చర్చను జరిగిందనిపించడం విలేఖరికి తగదు.

‘ఒడిశాలో చట్టం వేరు’ అన్నది కూడా ఇందువల్లనే నిలవదు. అక్కడ పనులకు ఆధారం ఆ రాష్ట్ర పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్ కోడ్. పేరులో కోడ్ ఉన్నా అది శాసనసభ చేసిన చట్టం కాదు. నిబంధనలు వేరన్నది మాత్రం నిజం. కాంట్రాక్టర్లకు మన వైపు స్పెషల్ క్లాసు, ఆ తరువాత ఒకటి నుంచి ఐదు తరగతులు ఉంటే, అటు ఎ, బి, సి, డి వంటి తరగతులున్నాయి. ‘అక్కడి టెండరు నిబంధనలు వేరు’ అంటే సరిపోతుంది. తమిళనాడు గురించి రాసేటప్పుడైతే ‘అక్కడ టెండర్ల చట్టం ఉంది’ అని ధైర్యంగా రాయవచ్చు.

‘టెండరు పాడుకున్నాడు’ అనరాదు. పాడేది వేలం పాట. చెరువును, సంతను పాడుకుంటారు, అక్కడ ఎక్కువ చెప్పినవానిదే పాట. పనుల టెండరులో సాధారణంగా తక్కువకు కోట్ చేసినవానికి పని దక్కుతుంది. ప్రభుత్వం టెండరు పిలుస్తుంది, కాంట్రాక్టరు టెండరు వేస్తాడు, ఖరారైతే పని దక్కించుకుంటాడు. ‘ప్రభుత్వం టెండరు వేసింది’ అన్నదీ ఈ మధ్య తరచుగా కనిపిస్తున్నది, అదీ తప్పే.